నాయన మూసిన మూత

సంగటి ముద్దలు చల్లారిపోయాయి. నిన్న సాయంత్రం నుంచి ఇంట్లో తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం లేదు. మాట్లాడుకోకపోతే పోనీ, తినడమూ మానేశారు. మాట మీది కోపం అన్నం మీద చూపించడం ఈ ఇంటి మగవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆడవాళ్ళకు ఆ సౌకర్యం లేదు. వాళ్ళు వండాలి.

కాళమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఇంటి ముందు రేకుల షెడ్డు, షెడ్డు ముందు హైవే. తళి ఊరి జయరామప్ప పూలు తోలే చిన్న లారీ షెడ్డులోకి ముక్కు పెట్టి నిలబడి ఉంది. నెలన్నరలో అది ఇలా రావడం నాలుగోసారి. బండి కింద నుంచి పెద్దకొడుకు మునిరాజ్ కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. బండికి అవతల, నులక మంచం మీద ఆమె భర్త అంకప్ప రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

"నీ కొడుకు తినలేదు," అంది మంచం దగ్గరికి పోయి.

"తినమను. నేనేమన్నా చెయ్యి పట్టుకున్నానా?"

ఆమె బండి చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చింది.

"మీ నాయన తినలేదురా."

"తినమను. ఆయన నోరు నేను కుట్టినానా?"

"మీ ఇద్దరి నడమ తిరిగేదానికి నాకు కాళ్ళు లేవురా," అంటూ కాళమ్మ అక్కడే ఒక పాత టైరు మీద కూలబడింది.

నిన్న సాయంత్రం హైవే మీది టీ అంగట్లో, నలుగురు డ్రైవర్లు వింటుండగా జయరామప్ప ఒక మాట అన్నాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. పెంచకుండానే మనిషిని పడుకోబెట్టే రకం. "మీవాడు నాకు డూప్లికేట్ సెన్సార్లు వేస్తా ఉండాడు అంకప్పా. పూలు వాడిపోయినాయి, పోనీ. మనిషిని నమ్మి చెడినాను, అదే బాధ," అన్నాడు. రేపు నాలుగు గంటలకు వచ్చి బండి తీసుకుపోతాననీ, క్రిష్ణగిరిలో పెద్ద వర్క్‌షాపుకు ఇస్తాననీ చెప్పి టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

జయరామప్ప నోట ఆ మాట వచ్చాక తళి నుంచి క్రిష్ణగిరి దాకా ఇంకెవరూ ఈ షెడ్డు ముందు బండి ఆపరు. అది అంకప్పకు తెలుసు, మునిరాజ్‌కు ఇంకా బాగా తెలుసు. పన్నెండేళ్ళుగా మునిరాజ్ ఒక్క దొంగ సామాను వెయ్యలేదు. అతనికి ఆస్తి అంటూ ఉన్నది ఆ పేరే.

అంతకన్నా మునిరాజ్‌కు తగిలింది వేరే ఉంది. అంకప్ప ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, భార్య ముందు, కోడలి ముందు కొడుకును నిలబెట్టి అడిగాడు.

"నిజం చెప్పురా. యాడ తెచ్చినావు ఆ సెన్సార్లు?"

మునిరాజ్ లోపలికి పోయి మూడు ఖాళీ డబ్బాలు తెచ్చి తండ్రి కాళ్ళ దగ్గర పెట్టాడు. కంపెనీ డబ్బాలు, వాటి మీద మెరిసే స్టిక్కర్లు.

"డబ్బాలు యాడైనా అచ్చేస్తారు," అన్నాడు అంకప్ప.

మునిరాజ్ ఆ డబ్బాలు ఏరుకుని లోపలికి పోయాడు. అప్పటి నుంచీ ఇదే మౌనం.

*

మునిరాజ్ భార్య సెల్వి ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. కలైసెల్వి అని పూర్తి పేరుతో ఆమెను పిలిచేది హోసూరులో హాజరు పిలిచే సూపర్‌వైజరు ఒక్కడే. ఆరేళ్ళుగా ఆమె అక్కడ ఇంజన్లు పరీక్షించే లైనులో ఉంది. కాంట్రాక్టు పని. రోజంతా ఇంజన్లు ఆమె ముందు నుంచి వరసగా పోతూనే ఉంటాయి. సెలవు రోజున మొగుడి షెడ్డులో మళ్ళీ ఒక ఇంజను ముందు నిలబడాల్సి రావడం ఆమె రాత. అయినా నిలబడింది. నిన్న మామ అడుగుతున్నప్పుడు మొగుడి ముఖం చూసింది కాబట్టి నిలబడింది.

"బయటికి రా," అంది వంగి. "స్కానరు పెట్టినావా?"

"పెట్టినాను." మునిరాజ్ బండి కింద నుంచి పాక్కుంటూ వచ్చాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. "నువ్వే చూడు పో. నాకు చూసి చూసి కండ్లు పోయినాయి."

సెల్వి స్కానరు అందుకుంది. మునిరాజ్ బండి స్టార్ట్ చేశాడు. తెర మీద అంకెలు కదిలాయి. నిలబడి ఉన్న బండి గంటకు డెబ్బై కిలోల దాకా గాలి పీల్చాలి. నలభై ఎనిమిది దగ్గర ఊగుతోంది.

"యాక్సిలేటరు తొక్కు."

తొక్కాడు. అంకె పెరిగింది గానీ పెరగాల్సినంత పెరగలేదు.

సమస్య ఇంతే. ఇంజన్లోకి ఎంత గాలి పోతోందో చూసి, దానికి తగ్గట్టు డీజిల్ పొయ్యమని బండిలోని కంప్యూటరుకు చెప్పేది ఈ ఎయిర్ ఫ్లో సెన్సారు. బొటనవేలంత ఉంటుంది. అది తక్కువ చెబితే కంప్యూటరు తక్కువే పోస్తుంది. చదును రోడ్డు మీద తెలియదు. ఎత్తు వచ్చినప్పుడు బండి గసపెడుతుంది. పోయిన మంగళవారం మునిరాజ్ తమ్ముడు హరి, క్రిష్ణగిరిలో మామిడికాయలు నింపుకుని వస్తుంటే, సూళగిరి ఎత్తులో బండి అట్లే చతికిలబడింది. వెనక వస్తున్న కంటైనరు లారీ జానెడు దూరంలో బ్రేకు కొట్టింది. ఆ బండి నడిపేందుకు జయరామప్ప దగ్గర జీతానికి ఉన్నాడు కాబట్టి హరి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వదినకు ఒక్కదానికే చెప్పాడు.

"గాలిని కిలోల్లెక్కన తూస్తా ఉండారు," అంది నులక మంచం మీది గొంతు, రోడ్డుతో. "ఇంక వానను మూరల్లెక్కన కొలవండి."

అంకప్పకు బదులు అక్కర్లేదు.

"ఏమేమి చూసినావు?" అంది సెల్వి మెల్లిగా.

"అన్నీ చూసినాను. కరెంటు సరిగ్గా వస్తా ఉండాది. ఎర్తు బాగుండాది. వైరు యాడా తెగలేదు. పైపులన్నీ తడిమినాను. టర్బో బాగుండాది. కొత్త సెన్సారు వేస్తే డెబ్బై చూపిస్తాది. పది, పన్నెండు దినాలు బాగుంటాది. మళ్ళా ఇదే కత." అతను చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "ఒకటైతే సామాను చెడ్డదని అనుకోవచ్చు. మూడు పోతే మనిషి చెడ్డోడనే అంటారు. జయరామప్పన్నను అని లాభం లేదు."

సెల్వి రెండు స్క్రూలు విప్పి సెన్సారు బయటికి తీసింది. ఫోను లైటు వేసి లోపలికి చూసింది. గాలిని తాకి కొలిచే సన్నటి పొర మీద గోధుమ రంగులో ఏదో మెరుస్తోంది. కాగితం ముక్క మడిచి పైపు లోపలి గోడకు రుద్దింది. కాగితం జిడ్డుగా వచ్చింది.

"నూనె," అంది.

"మూడుసార్లూ అట్లే ఉండాది. టర్బో నుంచి వెనక్కి వస్తా ఉందేమో అనుకున్నాను."

"గాలి ఈడ నుంచి టర్బోకు, ఆడ నుంచి ఇంజనుకు పోతాది. ఆడి నూనె గాలికి ఎదురీది ఈడికి వస్తాదా? వచ్చినా ఒకటి రెండు చుక్కలు. పది దినాల్లో ఇంత రాదు." ఆమె పైపు వెంట వేలు వెనక్కి నడిపింది. "దీనికి ముందర ఏముండాది?"

మునిరాజ్ మళ్ళీ చేతులు తుడుచుకున్నాడు.

"ఫిల్టరు డబ్బా," అని ఆమే చెప్పుకుంది. "విప్పి చూసినావా?"

"నాయన చూసినాడు."

"నువ్వు చూసినావా అని అడిగినాను."

"నాయన చూసినాడంటే చూసినట్లే."

ఈ మాట బయటివాళ్ళకు తిక్కగా ఉంటుంది. కానీ ఆ షెడ్డులో అది చట్టం. వైర్లు, సెన్సార్లు, కంప్యూటరు కొడుకువి. నూనె, గ్రీసు, ఫిల్టరు తండ్రివి. పోయినేడు కంటి ఆపరేషను అయ్యాక అంకప్పకు మిగిలింది ఆ మూడే. తండ్రి బిగించిన నట్టును కొడుకు మళ్ళీ బిగించి చూడడు. తండ్రి మూసిన మూతను కొడుకు మళ్ళీ విప్పడు. పంతొమ్మిదేళ్ళప్పుడు మునిరాజ్ ఒకసారి, ఒక డ్రైవరు చూస్తుండగా, తండ్రి బిగించిన చక్రం నట్లను పానా వేసి సరిచూశాడు. అంకప్ప ఒక్క మాట అనలేదు. చేతిలోని పానా కింద పెట్టి ఇంట్లోకి పోయి, నాలుగు రోజులు షెడ్డులో అడుగుపెట్టలేదు. ఆ నాలుగు రోజులు మునిరాజ్ ఇప్పటికీ మర్చిపోలేదు.

"ఇప్పుడు విప్పుదాము," అంది సెల్వి.

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"నిన్న ఆయన నన్ను దొంగన్నాడు. ఈ పొద్దు నేను ఆయన మూత విప్పినాననుకో, బదులు తీర్చుకున్నట్లుంటాది." అతను టూవీలరు తాళం తీసుకున్నాడు. "బస్టాండు కాడికి పోయి సెన్సారు కడిగే స్ప్రే తెస్తాను. కడిగి పెడదాము. ఇంకేం చేసేది?"

బండెక్కి పోతున్న మనిషి వీపు చూస్తూ సెల్వి నిలబడింది. ముప్పై నాలుగేళ్ళవాడు యాభై ఏళ్ళవాడిలా కూర్చుని ఉన్నాడు బండి మీద. ఆమెకు మామ మీద కోపం వచ్చింది. కోపం కన్నా ఎక్కువ విసుగు వచ్చింది.

*

పన్నెండు గంటలకు అంకప్ప స్నానానికి లేచాడు. బాత్రూంలో నీళ్ళ చప్పుడు వినిపించేదాకా సెల్వి ఆగింది. తర్వాత ఫిల్టరు డబ్బా దగ్గరికి పోయి నాలుగు క్లిప్పులు లాగింది. దొంగతనం చేస్తున్నట్టు ఒకసారి ఇంటి వైపు చూసింది.

మూత లేచింది. లోపల ఫిల్టరు కాగితం కనిపించలేదు. దాని చుట్టూ తెల్ల గుడ్డ చుట్టి ఉంది. ఎక్కడా ముడత లేకుండా, అంచులు లోపలికి మడిచి, పైన కింద దారంతో బిగించి కట్టి ఉంది. పసిబిడ్డకు కూడా ఎవరూ అంత ఒద్దికగా గుడ్డ చుట్టరు. గుడ్డ నిండా ఇంజను నూనె.

ఆమె దారం విప్పి ఫిల్టరు చేతిలోకి తీసుకుంది. కాగితం బయట నుంచి లోపలిదాకా నూనె పీల్చి నల్లబడింది. ఇంజను గాలి లాగినప్పుడల్లా ఆ నూనె తుంపరగా లేచి నేరుగా పోయి సెన్సారు మీద కూర్చుంటోంది. మూడు సెన్సార్లు ఎలా పోయాయో తెలుసుకోవడానికి ఇక ఏ స్కానరూ అక్కర్లేదు.

"అయ్యో, దాన్ని ఎందుకమ్మా విప్పినావు?" కాళమ్మ మజ్జిగ గ్లాసుతో వెనకే నిలబడి ఉంది. "మీ మామ చూస్తే ఊరుకుంటాడా?"

"ఇది ఎవురు చుట్టినారత్తా?"

"ఇంకెవురు? అది ఆయన పంచె. పోయిన ఉగాదికి తెచ్చింది, నడిమికి చించేసినాడు." కాళమ్మ గొంతులో ఫిర్యాదు కన్నా గర్వమే ఎక్కువ ఉంది. "శనివారం శనివారం బండి గ్రీసుకు వస్తాది గదా. పొద్దు పుట్టకముందే లేస్తాడు. కొత్తగా నూనె తడిపి చుట్టి, మూత వేసి, మళ్ళా వచ్చి పడుకుంటాడు. ఎవురికీ చెప్పొద్దంటాడు. ఆ క్వారీల రోడ్డులో రాతి దుమ్ము జాస్తి, హరి నడిపే బండి, ఇంజను యాడన్నా నిలిచిపోతే బిడ్డకు కష్టమని ఆయన బాధ."

సెల్వి గ్లాసు అందుకోలేదు. ఆమెకు అంతా అర్థమైంది. పాత లారీలకు ఫిల్టరు అడుగున నూనె గిన్నె ఉండేది. గాలి ఆ నూనె మీదుగా పోయేది, దుమ్ము అక్కడే అతుక్కునేది. వారం వారం ఆ గిన్నె కడిగి నూనె మార్చడంలో అంకప్పను మించినవాడు ఈ హైవే మీద లేడని డ్రైవర్లు చెప్పుకునేవాళ్ళు. అట్లాంటి మనిషికి, ఒట్టి పొడి కాగితం దుమ్మును ఆపుతుందంటే నమ్మకం ఎట్లా కుదురుతుంది? కుదరలేదు. అందుకే తన పంచె చించాడు. చిన్నకొడుకు బాగుండాలని చేసిన పనితో పెద్దకొడుకును దొంగను చేశాడు. చేశాడని ఆయనకు తెలియదు.

పొద్దున వచ్చిన కోపం ఎటు పోయిందో పోయింది. దాని చోట భయం వచ్చి కూర్చుంది.

"అత్తా, ఈ సంగతి నువ్వు ఎవురి దగ్గరా అనొద్దు."

"ఏ సంగతి?" అంది కాళమ్మ.

*

మునిరాజ్ వచ్చేసరికి సెల్వి బండికి అవతలి పక్క నేల మీద కూర్చుని ఉంది. అంకప్ప స్నానం చేసి, ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె ఏమీ చెప్పకుండా ఫిల్టరు, గుడ్డ అతని ముందు పెట్టింది.

మునిరాజ్ గుడ్డ చూశాడు. దాని అంచు చూశాడు. ఆ మడత ఎవరిదో అతనికి చెప్పక్కర్లేదు. ఆ చేతి మడతలు చూస్తూనే పనిలో పెరిగాడు.

గుడ్డ చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టాడు. తర్వాత నవ్వాడు. ఏడుపు రాని మనిషి నవ్వే నవ్వు అది.

"మూడు సెన్సార్లు," అన్నాడు. "మూడుసార్లు మార్చినాను గదా సెల్వీ. ఒక్కసారన్నా ఈ మూత తీసుంటే..."

"తియ్యనియ్యలేదు గదా ఆయన."

"ఆయన యాడ తియ్యొద్దన్నాడు? నేనే తియ్యలేదు."

"సరి. ఇప్పుడు చెప్పాల గదా."

"ఎవురికి?"

"మామకు. ఆ జయరామప్పకు. నాలుగు గంటలకు వస్తాడు ఆయన."

మునిరాజ్ లేచి స్ప్రే డబ్బా మూత తీశాడు. సెన్సారును అరచేతిలో పెట్టుకుని, వేలు తగలకుండా, దూరం నుంచి కొట్టి కడగడం మొదలుపెట్టాడు.

"నేను అడుగుతా ఉండాను," అంది సెల్వి.

"కన్ను ఆపరేషను అయినాక ఆయన దగ్గరికి ఒక్క డ్రైవరన్నా వచ్చి, 'అంకప్పన్నా, ఇంజను సౌండు విని చెప్పు' అని అడిగినాడా? అందరూ నా దగ్గరికే వస్తారు. ఆయన మంచం మీద కూర్చోని చూస్తా ఉంటాడు. ఈ ఫిల్టరు ఒకటే మిగిలింది. దాన్ని కూడా, నువ్వే చెడగొట్టినావని నలుగురిలో చెప్పి లాగేసుకుంటే ఆయనకు ఇంకేముండాది?"

"నీకేముండాది? దొంగ మెకానిక్కని పేరుండాది."

"నాకు వయసుండాది."

"వయసు పెట్టి ఎవురు బండి ఇస్తారు నీకు?"

మునిరాజ్ పని ఆపలేదు. పైపు లోపల శుభ్రంగా తుడిచాడు. డబ్బా కడిగి ఆరబెట్టాడు. షెడ్డులో ఉన్న కొత్త ఫిల్టరు, పొడి కాగితంది, తెచ్చి పెట్టి మూత వేశాడు. సెన్సారు ఆరాక బిగించాడు. సెల్వి స్కానరు పట్టుకుంది. ఇద్దరూ కలిసి పని చేస్తుంటే పోట్లాట దానంతట అది పక్కకు జరుగుతుంది. వాళ్ళ సంసారం ఎన్నోసార్లు అట్లాగే గట్టెక్కింది.

"డెబ్బై ఒకటి," అంది ఆమె.

హైవే మీదికి తీసుకుపోయారు. సూళగిరి ఎత్తు మీద బండి ఎక్కడా తడబడలేదు. మూడో గేరులో కాలు మోపితే చాలు, ముందుకు పోతోంది. మునిరాజ్ మొహంలో నెలన్నర తర్వాత కొంచెం వెలుగు వచ్చింది. ఆ కొంచెం వెలుగు చూసి సెల్వికి దుఃఖం వచ్చింది. పని తెలిసిన మనిషి. ఆ పని బాగా చేశాడని ఇవాళ ఎవరికీ చెప్పుకోలేడు.

"పైపులో చిరుగుండాది, ఇప్పుడు సరిచేసినాను అని చెప్తాను," అన్నాడు తిరిగి వస్తూ. "ఆయన అడిగితే."

"శనివారం మామ మళ్ళా గుడ్డ చుడితే?"

"శనివారం మాట శనివారం."

*

జయరామప్ప మూడున్నరకే వచ్చాడు. హరి టూవీలరు నడుపుతుంటే వెనక కూర్చుని వచ్చాడు. తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు. కాళమ్మ కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చోలేదు.

"బాగయ్యిందా?" అన్నాడు.

"అయ్యిందన్నా," అన్నాడు మునిరాజ్. "పైపులో చిరుగు..."

"పోయినసారి వైరన్నావు. దానికి ముందర సామాను చెడ్డదన్నావు." జయరామప్ప మెల్లగానే మాట్లాడాడు. "క్రిష్ణగిరి వర్క్‌షాపు మేస్త్రీకి ఫోను చేసినాను. మూడు సెన్సార్లు పోయినాయంటే, మొదట ఫిల్టరు డబ్బా విప్పి చూడమన్నాడు. అసలు సంగతి ఆడ తెలుస్తాదంట. విప్పు, చూస్తాము."

మునిరాజ్ కదల్లేదు.

ఇంట్లో నుంచి అంకప్ప బయటికి వచ్చాడు. జుట్టు తడి చేసి దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అవమానం పడాల్సిన రోజు కదా, మనిషి శుభ్రంగా తయారయ్యాడు.

"విప్పి చూడండి జయరామప్పా," అన్నాడు. "ఆ మూత వేసింది నేను. మా ఇంట్లో ఇంకెవురు చేసిన పనికైనా నేను పూచీ ఇయ్యలేను గానీ, దానికి ఇస్తాను. ఆడ మీకు తప్పు కనబడదు."

అని తనే బండి దగ్గరికి నడిచాడు. మొదటి క్లిప్పు మీద చెయ్యి వేశాడు.

విప్పితే పొడి కాగితం కనిపిస్తుంది. నా గుడ్డ ఏదని అంకప్ప అడుగుతాడు. క్రిష్ణగిరి మేస్త్రీ చెప్పిన మాటకూ ఆ గుడ్డకూ లంకె కుదరడానికి జయరామప్పకు నిమిషం పట్టదు. సెల్వి చూస్తోంది. మునిరాజ్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"విప్పొద్దు నాయనా," అన్నాడు మునిరాజ్. "దాంట్లో ఏమీ లేదు. డూప్లికేటే వేసినాను."

నిన్న సాయంత్రం తర్వాత తండ్రితో అతను మాట్లాడిన మొదటి మాట అది.

హైవే మీద ఏవో లారీలు పోతున్నాయి. అంకప్ప క్లిప్పు మీద చెయ్యి అట్లే పెట్టుకుని నిలబడ్డాడు.

"మూడూనా?" అన్నాడు.

"మూడూ. ఈ పొద్దే సరైంది వేసినాను."

కాళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హరి అన్నను చూసి, వదినను చూసి, ఏమీ అర్థం కాక తల దించుకున్నాడు. అన్న అట్లాంటివాడు కాదని వాడికి తెలుసు. కానీ అన్నే చెబుతున్నాడు.

అంకప్ప కొడుకును తిట్టలేదు. తిడితే బాగుండేది. కొడుకు తప్పు చేయలేదని లోలోపల ఎక్కడో ఒక ఆశ పెట్టుకుని నిన్న సాయంత్రం నుంచీ అన్నం మానేసిన మనిషి ఆయన. ఆ ఆశ పోయింది. ఆయన జయరామప్ప వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"తప్పు మా ఇంట్లోనే జరిగింది. ముప్పై ఏండ్లుగా మీ బండ్లు చూస్తా ఉండాను. ఒక్క మాట అడుగుతాను. బండిని క్రిష్ణగిరికి తీసకపోవద్దు. ఈ శనివారం నుంచి నేనే చూస్తాను. నూనె, గ్రీసు, ఫిల్టరు, అన్నీ నా చేత్తోనే. వాని చెయ్యి మీ బండి మీద పడదు."

జయరామప్ప తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ముసలివాడు చేతులు జోడిస్తే చూడలేకపోయాడు.

"నువ్వు చూస్తానంటే సరి అంకప్పా," అన్నాడు. "నీ చేతి పని నాకు తెలీదా? శనివారం పంపిస్తాను. హరీ, బండి తియ్యి."

మునిరాజ్ నేల చూస్తూ నిలబడ్డాడు. తండ్రి పేరు నిలబెట్టాడు. తన పేరు ఇచ్చేసి నిలబెట్టాడు. అంతవరకే ఆలోచించాడు. ఈ మనిషి ఎప్పుడూ ఒక అడుగు వరకే ఆలోచిస్తాడు, రెండో అడుగు పెళ్ళానికి వదిలేస్తాడు.

సెల్వి రెండో అడుగు లెక్కవేసింది. ఎల్లుండి శనివారం. మామ పొద్దు పుట్టకముందు లేస్తాడు. ఈసారి మరింత శ్రద్ధగా లేస్తాడు, కొడుకు పోగొట్టిన పేరు తను సంపాదించాలి కదా. రెండు పొరలు చుడతాడేమో. ఆ పైన పది రోజులు. మామిడికాయల లోడుతో బండి ఎత్తు ఎక్కుతుంటుంది. వెనక ఏదో ఒక లారీ ఉంటుంది. ఆ రోజు దాని బ్రేకు పడాలని ఎక్కడుంది?

హరి డ్రైవరు సీటులోకి ఎక్కాడు. బండి ఒక్క తిప్పుకే స్టార్ట్ అయ్యింది. "పోయొస్తా వదినా," అన్నాడు, రోజూ చెప్పినట్టే.

జయరామప్ప అవతలి తలుపు తీసి మెట్టు మీద కాలు పెట్టాడు.

"మామా," అంది సెల్వి.

మునిరాజ్ తలెత్తి ఆమెను చూశాడు. వద్దని తల కూడా ఊపలేదు, అట్లే చూశాడు. తొమ్మిదేళ్ళ కాపురంలో అతను ఆమెను ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాడు.

ఆమె కళ్ళు తిప్పుకుంది.

"శనివారం మీరు ఆ గుడ్డ చుట్టొద్దు మామా. నూనె గుడ్డ. ఇప్పుడు దాంట్లో అది లేదు. నేనే తీసేసినాను."

అంకప్ప ఆమె వైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు. తెలియని సంగతి అడుగుతున్న మనిషి మొహం అది.

"ఎందుకమ్మా తీసినావు?" అన్నాడు. "హరి నడిపే బండి గదా."

జయరామప్ప మెట్టు మీది కాలు కిందికి దించాడు. ఇంజను ఆపమని హరికి చెయ్యి చూపించాడు.

"ఏం గుడ్డ అంకప్పా?" అన్నాడు.